కాలు తీసినా ఆరని దీపం

ఉప్పు మడుల దగ్గర నా పని కుప్పలు కొలవడం. బడిలో నేర్చిన లెక్కలు కూడికలూ తీసివేతలూ దాటలేదు. మిగిలిందంతా తాడు నేర్పింది. కుప్ప పొడవూ, అడుగు వెడల్పూ, ఎత్తూ చూసి ఇందులో ఇన్ని బస్తాలుంటాయని చెప్పాలి. నేను చెప్పినదానికీ, బస్తాలకెత్తాక తేలినదానికీ తేడా వస్తే అది ఎందుకొచ్చిందో తెలిసేదాకా నాకు అన్నం సయించేది కాదు. కుప్ప చుట్టూ తిరుగుతూనే ఉండేవాణ్ణి. తడి ఉప్పు కుదించుకుంటుందనీ, సముద్రపు గాలి తగిలే వైపు పెంకు కడుతుందనీ అలా తిరిగి తిరిగి తెలుసుకున్నవే. మా ఇంట్లోవాళ్ళు దాన్ని తీట అనేవారు. తీటే. ఐదారేళ్ళ కిందట, నాకు నలభై దాటిన కొత్తలో, ఆ తీట ఉప్పు మీదనుంచి ఒక కారు మీదికి మళ్ళింది.

కారు మా మడుల యజమానురాలిది. భర్త పోయాక మడుల్నీ, ఆయన వదిలిపోయిన కారునూ ఆవిడే చూసుకునేవారు. మేమందరం అమ్మగారు అనేవాళ్ళం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో మద్రాసులో దిగిన ఇంగ్లీషు కారది. ఇప్పటి కార్లలోలాగా పెడళ్ళు పైనుంచి వేలాడేవి కావు. కింద చెక్కకు బెజ్జాలు పెట్టి, వాటిలోంచి కాడల్లా పైకి వచ్చేవి.

అంతకుముందున్న డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టుకునే బండి నడిపేవాడట. ఊరికే ఆనించి ఉంచితే చాలు, బ్రేకు కొద్దికొద్దిగా పట్టి చక్రాల్లోని పట్టీలు అరిగిపోతాయి. అట్లా అరిగిపోయిన బ్రేకుతో వెళ్ళి ఒకరోజు మా ఉప్పు కుప్పకే గుద్దాడు. కుప్ప కాబట్టి సరిపోయింది. వాణ్ణి పంపించేశాక అమ్మగారు గూడూరు మెకానిక్కు సాయిబు గారిని పిలిపించి ఒక ఎర్ర బల్బు పెట్టించారు. బ్రేకు తొక్కితే వెనక దీపం వెలుగుతుంది కదా, అదే తీగకు ఇంకో తీగ కలిపి, స్టీరింగు పక్కన అద్దం కింద ఈ చిన్న బల్బు బిగించాడాయన. ఇక వెనక సీట్లో కూర్చున్నా డ్రైవరు కాలు ఎక్కడుందో ఆవిడకు తెలిసిపోయేది. కాలు పెడితే వెలుగు, తీస్తే ఆరు.

"అది బల్బు కాదన్నా, అమ్మగారి మూడో కన్ను," అనేవాడు కొత్త డ్రైవరు.

కొత్త డ్రైవరు పక్కనే పట్టపుపాళెం మనిషి. పాతికేళ్ళుంటాయి. తాతముత్తాతలు సముద్రం మీద చేపల వేటకు పోయిన ఇల్లు. ఇతనికి మాత్రం సముద్రం పడదు. అలల మీద పడవ రెండుసార్లు లేచి పడితే కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేది. పెళ్ళిళ్ళలో కూడా ఆ మాటే ఎత్తి నవ్వేవారట. అందువల్ల అన్నలు వేటకు పోతే ఇతను ఇసుకలో కూర్చుని పడవలు బాగుచేసేవాడు. పలకల సందుల్లో కొబ్బరి పీచు కూరి, పైన తారు పూసి, చుక్క నీరు రాకుండా చేయడంలో అతనికి పేరుండేది. తరవాత లారీల దగ్గర చేరి బండి నేర్చుకున్నాడు. "సముద్రం నన్ను కక్కేసిందన్నా, కారు మింగింది," అనేవాడు. లారీల్లో కూడా తిప్పేదట; ఎక్కడికి పోయినా కడుపు తిప్పకుండా తనను మోసుకుపోయిన మొదటి వాహనం అదేనని అతను నవ్వకుండా చెప్పిన మాట.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. మా మడుల నుంచి వెంకటాచలం ఊరికి పోయే దారిలో ఉప్పుటేరు మీద వంతెన లేదు. రాళ్ళు పరిచిన చపటా ఉండేది. పోటు సమయంలో దాని మీద జానెడు నీళ్ళు నిలిచేవి. దాటేటప్పుడు పెడళ్ళ బెజ్జాల్లోంచి నీళ్ళు చిమ్మి, కారులో వెనక్కి పారి, అమ్మగారి చీర అంచు తడిసేది. ఆవిడ గొణిగేవారు. తరవాత్తరవాత ఆ గొణుగుడు మానేశారు. ఎందుకు మానేశారో నేను ఆలోచించలేదు. నా ధ్యాస కుప్పల మీద ఉంది.

వారానికోసారి అమ్మగారు గూడూరు పోయేవారు. ఉప్పుకు వ్యాగన్లు అక్కడే దొరికేవి. మడుల దగ్గర ఎంత సరుకు సిద్ధంగా ఉందో స్టేషనులో చెప్పడానికి నన్నూ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవారు. వానలు వెనకబట్టాక అలా పోతుండగా, వెంకటాచలం దాటి పెద్ద రోడ్డెక్కిన కాసేపటికి బల్బు వెలిగింది. ముందు బండి లేదు, పశువు లేదు. రోడ్డు తాడు లాగినట్టు తిన్నగా ఉంది.

"ఏందిరా, కాలు యాడుండాది?" అన్నారు వెనకనుంచి అమ్మగారు.

"కిందనే ఉండాదమ్మా."

"కిందుంటే అది ఎట్టా వెలుగుతుండాది? దెయ్యం తొక్కుతుండాదా?"

"నేను తొక్కలేదమ్మా, మీ పాదాల సాక్షి."

"నా పాదాలను మధ్యలోకి తేమాక. నీ పాదం సంగతి చెప్పు."

నేను వంగి చూశాను. కుడికాలు బ్రేకు మీద లేదు. కాని నేను వంగేదాకా ఎక్కడుందో నాకేం తెలుసు? బల్బు మాత్రం ఆరలేదు. కారు బరువుగా లాగుతోంది. ఏదో కాలిన వాసన కూడా వచ్చింది.

గూడూరులో సాయిబు గారి షెడ్డుకు పోయాం. ఆయన నమాజుకు పోయి వచ్చి, టీ తాగి, మాకూ తాగించి, అప్పుడు కారు పైకెత్తాడు. అప్పటికి బల్బు ఆరిపోయింది. చక్రాలు తిప్పితే గానుగ గుండులా కాక బొంగరంలా తిరిగాయి. పెడలు చేత్తో నొక్కితే దిగింది, వదిలితే లేచింది. బల్బు నొక్కితే వెలిగింది, వదిలితే ఆరింది.

"స్విచ్చి మీద అనుమానం ఉంటే మార్చేస్తానమ్మగారూ," అని మార్చాడు. చేతులు తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు, "బండిలో ఏం లేదు. ఉంటే కాలులోనే ఉండాలి."

డ్రైవరు ముఖం ఎలా అయిందో చూడలేక నేను బయటికి వచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో కొత్త స్విచ్చితోనే మళ్ళీ వెలిగింది. ఈసారి అమ్మగారు అరవలేదు. ఆవిడ అరవకపోతేనే భయం. మడుల దగ్గర దిగాక నెమ్మదిగా చెప్పారు. "గూడూరులో వ్యాగన్ల ఏజెంటు బావమరిది ఒకడు ఖాళీగా ఉండాడు. లారీ నడిపినవాడు. వచ్చేవారం పోయేటప్పుడు గూడూరు చేరేలోపల ఈ దీపం ఉత్తపుణ్యానికి వెలిగిందంటే, తాళంచెవి వాడి చేతికిచ్చి నువ్వు రైలెక్కి ఇంటికి పో. ముందొకడి కాలుకు నేను పడింది చాలు."

ఆ వారం నాకు కుదురు లేదు. నా ఉద్యోగం కాదు, నా కారు కాదు. అయినా కుప్ప మీద తాడు వేస్తే ఒక కొస ఎక్కడ పెట్టానో మరిచిపోయేవాణ్ణి. డ్రైవరు మడి గట్టు మీద కూర్చుని తన కుడికాలి వైపే చూసుకుంటుంటే నాకు ఇంకా చిరాకేసేది.

"నిజం చెప్పబ్బయా, మరిచిపోయి ఆనిస్తుండావేమో?" అని అడిగాను.

"అన్నా, నువ్వు కూడానా? మా పాళెంలో ఇప్పటికే 'ఏమిరా, కారులో కూడా కక్కుకున్నావా' అంటుండారు. మళ్ళా పోయి ఆ ఇసకలో కూర్చుంటే నా పెండ్లాం కూడా అంటాది." తనే మళ్ళీ అన్నాడు, "నాకే అనుమానం వస్తుండాదన్నా. నా కాలు నాకు తెలీకుండా పోతుండాదేమో అని."

ఆ మాట నన్ను పట్టుకుంది. మనిషి తన కాలినే నమ్మలేని స్థితికి వచ్చాడంటే లెక్క తేలాల్సిందే. నాకు కారు తెలియదు. తెలిసింది తేడాలు వెతకడం. అందుకని చూసినవే మళ్ళీ తలలో పరుచుకున్నాను. తీగ తప్పయితే గతుకుల్లో వెలగాలి. మా దారిలో గతుకులన్నీ ఉప్పుటేటికీ వెంకటాచలానికీ మధ్యనే. అక్కడ ఎప్పుడూ వెలగడం మొదలవలేదు. కాలు తప్పయితే బయలుదేరిన చోటునుంచి ఎక్కడైనా వెలగాలి. కాని పోయేటప్పుడు వెంకటాచలం దాటాక, వచ్చేటప్పుడు గూడూరు వదిలి దాదాపు అంతే దూరం వచ్చాక వెలిగింది. స్థలాన్ని బట్టి కాదు, నడిచిన దూరాన్ని బట్టి. ఆగి టీ తాగేసరికి ఆరింది. నడిస్తే వచ్చేదీ, ఆగితే పోయేదీ ఒకటే నాకు తెలుసు. వేడి.

వేడి అని తేలగానే నెమ్మది కలగాలి. కలగలేదు. వేడెక్కింది కాలు ఆనించడం వల్లనేమో! రెండింటికీ లక్షణం ఒకటే. కాలునూ కారునూ విడదీసి చూస్తేగాని తెలియదు. విడదీయడం ఎట్లా?

మళ్ళీ గూడూరు పోయే రోజు బయలుదేరేటప్పుడు డ్రైవరు తన బట్టల మూట కూడా కారు వెనక పెట్టెలో పెట్టుకున్నాడు. అమ్మగారు అది చూశారు. ఉప్పుటేరు దాటాం. వెంకటాచలం దాటాం. ముగ్గురం బల్బునే చూస్తున్నాం. ఎండ ఎక్కుతోంది. మైలురాళ్ళు లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను. ఏడోది దాటుతుండగా బల్బు ముందు మినుకుమంది, తరవాత నిలకడగా వెలిగింది.

వెనకనుంచి నిట్టూర్పు వినిపించింది.

"అమ్మా, ఒక్క నిమిషం," అన్నాను. డ్రైవరు వైపు తిరిగాను. "గేరు తీసెయ్ అబ్బయా. తీసి, రెండు కాళ్ళూ పైన పెట్టు."

"యాడ పైన?"

"సీటు మీద. బాసింపట్టు వేసుకో, అన్నానికి కూర్చున్నట్టు."

"అన్నా, బండి పోతుండాది!"

"రోడ్డు ఖాళీగా ఉండాది. స్టీరింగు వదలమాక. కాళ్ళు మాత్రం పైకి తీసేయ్."

అతను గేరు తీసి, ఒక్కొక్క కాలే మడిచి పైన పెట్టుకున్నాడు. నడుస్తున్న కారులో డ్రైవరు బాసింపట్టు వేసుకుని కూర్చోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"ఓరి నాయనో! ఇద్దరూ కలిసి నన్ను చంపేస్తారా ఏంది!" అమ్మగారు ముందు సీటు రెండు చేతులతో పట్టుకున్నారు.

"కాళ్ళు చూడండమ్మా! దీపం చూడండి!"

ఆవిడ ముందుకు వంగి చూశారు. రెండు కాళ్ళూ సీటు మీద ఉన్నాయి. బల్బు వెలుగుతూనే ఉంది. కారును వెనకనుంచి ఎవరో పట్టుకు లాగినట్టు వేగం తగ్గి, రోడ్డు కొంచెం పల్లంగా ఉన్నచోట కూడా దొర్లకుండా నిలిచిపోయింది.

అమ్మగారి చేతులు ముందు సీటును వదిలాయి.

"సరే, వీడు తొక్కలేదు," అన్నారు అమ్మగారు చివరికి. "మరి ఎవురు తొక్కుతుండారు?"

డ్రైవరు బాసింపట్టు విప్పలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను దిగి డ్రైవరు వైపు తలుపు తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాను. బ్రేకు పెడలు పక్కనున్న క్లచ్చి పెడలుకంటే కొద్దిగా కిందున్నట్టు అనిపించింది. అది ఎప్పుడూ అంతేనేమో, నాకేం తెలుసు? అందరూ దాన్ని కిందికి నొక్కి చూశారే గాని ఎవరూ పైకి లాగి చూడలేదు. కింద వేళ్ళు పెట్టి పైకి లాగాను. గట్టిగా ఉంది. ఇంకాస్త లాగాను. రెండు వడ్లగింజల మందం, అంతకంటే ఎక్కువ ఉండదు, అంత మేర కిర్రుమని పైకి వచ్చింది.

బల్బు ఆరింది. నిలిచిపోయిన కారు పల్లం వైపు తనంతట తాను దొర్లడం మొదలుపెట్టింది.

"పట్టు! పట్టు!" అని అమ్మగారు అరిచారు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఆగింది, వెలిగింది. కాలు తీశాడు. పెడలు లేచింది గాని ఆ రెండు వడ్లగింజల మేర లేవలేదు. నేను మళ్ళీ లాగాల్సి వచ్చింది.

పెడళ్ళ కింద పరిచిన చాప ఎత్తి చూశాను. పెడలు కాడ పైకి వచ్చే బెజ్జం చుట్టూ నల్లగా, నున్నగా, వేలితో నొక్కితే రాయిలా ఏదో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తారు వాసన వచ్చింది. తారులో కొబ్బరి పీచు. పడవ పలకల సందుల్లో కూరినట్టే, ఎక్కడా చిన్న సందు లేకుండా, చాలా శ్రద్ధగా కూరిన పని. క్లచ్చి కాడ చుట్టూ కూడా అలాగే ఉంది.

నేను తలెత్తి డ్రైవరు వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. ఆ నల్లటిదాని వైపే చూస్తున్నాడు.

"నేనే," అన్నాడు. "వానల్లో. అమ్మగారికి చీర తడస్తుండాదని. పెట్టినప్పుడు మెత్తగా ఉండిందన్నా. పెడలు బాగానే ఆడింది." వేలితో దాన్ని గీరాడు. తారులో ఇసక చేరి, ఎండకు ఎండి గట్టిపడింది. పెడలును పైదాకా రానివ్వకుండా గొంతు పట్టుకుంది.

నా లెక్క తేలింది. తేలినందుకు సంతోషం మాత్రం రాలేదు. కాలి మీద ఉన్న నింద తీసి చేతి మీద పెట్టానంతే. వాడు తొక్కలేదని రుజువు చేసిన నోటితోనే వాడే చేశాడని చెప్పినట్టయింది. అమ్మగారు పెట్టిన షరతు కూడా అలాగే నిలిచి ఉంది. గూడూరు చేరలేదు, దీపం వెలిగింది.

తాళ్ళు కోసే కత్తి నా దగ్గరే ఉంటుంది. ఇవ్వబోతే డ్రైవరు అప్పటికే చెయ్యి చాచాడు. తను పెట్టినదాన్ని తనే చెక్కాడు. పొరలు పొరలుగా వచ్చింది. ఎంత గట్టిగా కూరాడంటే తీయడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి, ఎవరితో అన్నాడో, "పడవకైతే పదేళ్ళుండేది," అన్నాడు. అమ్మగారు దిగి రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద నిలబడి చూస్తూ ఉన్నారు.

మళ్ళీ బయలుదేరాం. ఇప్పుడు పెడలు టక్కుమని పైదాకా లేస్తోంది. కారు తేలిగ్గా పరిగెత్తింది. గూడూరు దాకా బల్బు అవసరమైనప్పుడు వెలిగింది, కానప్పుడు ఆరింది. ఆ కుదురైన వెలుగు చూస్తుంటే నాకు లోపల ఇంకా ఎక్కువ అలజడిగా ఉంది. వెనక సీటునుంచి ఒక్క మాట కూడా రావడం లేదు.

ముందు సాయిబు గారి షెడ్డుకు పోయాం. సంగతి విని ఆయన తల కొట్టుకున్నాడు. బ్రేకు నూనె ఉండే గొట్టంలో సూదిమొన అంత బెజ్జం ఉంటుందట. వేడికి పొంగిన నూనె దానిలోంచి వెనక్కి పోవాలి. పెడలు పూర్తిగా పైకి వస్తేనే ఆ బెజ్జం తెరుచుకుంటుంది. కొద్దిగా కిందున్నా మూతబడి ఉంటుంది. పొంగిన నూనెకు పోయే దారి లేక, అదే బ్రేకులను తొక్కుతుంది. దీపం స్విచ్చి కూడా ఆ నూనె ఒత్తిడితోనే పనిచేస్తుందట. బ్రేకు పట్టే కొద్దీ వేడి, వేడెక్కే కొద్దీ పట్టు.

"చల్లారిన బండి చూసి కాలులో ఉందన్నాను," అన్నాడాయన డ్రైవరు భుజం మీద చెయ్యివేసి. "నడిపించి చూడాల్సింది భాయీ."

స్టేషను దగ్గర ఏజెంటు బావమరిది ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. కారు ఆగగానే వచ్చి తలుపు తీశాడు. డ్రైవరు వెనక పెట్టె దగ్గరికి నడిచి, మూట తీసుకుని, తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

అమ్మగారు దిగి ఖాకీ చొక్కా అతన్ని అడిగారు. "నాయనా, ఉప్పుటేటి మీద చపటా దాటేటప్పుడు కారులోకి నీళ్ళొస్తే ఏం చేస్తావు?"

"నీళ్ళొస్తే ఏం చేస్తామమ్మా? కాసేపు ఓర్చుకోవాల. అదే పోతాది."

"నిజమే," అన్నారావిడ. "ఆ మాట వీడికి తెలియకనే ఇంత వచ్చింది." తరవాత డ్రైవరు వైపు తిరిగారు. "ఏమిరా, వానల్లో నా చీర తడవకపోతే అడగొద్దా నేను, నీళ్ళు ఎట్టా ఆగిపోయినాయని? ఊరకే సుఖపడినా. నువ్వు కూడా చెప్పొద్దా?"

"చెప్తే పడవోడి బుద్ధులు కారులో ఏంది అంటారని, అమ్మా."

"అనుండేదాన్నే," అన్నారు. "మూట లోపల పెట్టు. ఇంకమీదట ఈ బండికి నాకు చెప్పకుండా పీచు కాదు గదా, దారప్పోగు కూడా చుట్టమాక." ఖాకీ చొక్కా అతనికి ఏమని సర్దిచెప్పారో నాకు వినిపించలేదు. నేను అప్పటికే వ్యాగన్లు రాసుకునే కిటికీ దగ్గరికి పరిగెత్తాను. కాళ్ళు ఒకచోట నిలవలేదు.

తిరిగి వచ్చేసరికి సాయంత్రం పోటు మొదలైంది. చపటా మీద నీళ్ళు పాకుతున్నాయి. డ్రైవరు కారు గట్టు మీద ఆపి వెనక్కి చూశాడు.

"పోటు తీసిందాకా ఉందామా అమ్మా? ఇప్పుడు బెజ్జాలు తెరిచి ఉండాయి."

"ఉండి ఏం చేస్తాం, దోమలకు మేత కావడం తప్ప? పోనీ."

కారు నీళ్ళలోకి దిగింది. బెజ్జాల్లోంచి నీరు బుస్సున పైకి లేచి, డ్రైవరు మడమలు తడిపి, నా చెప్పులు తడిపి, వెనక్కి పారింది. నేను తిరిగి చూశాను. అమ్మగారు చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, రెండు కాళ్ళూ సీటు మీదికి తీసుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆవిడ చూపు బల్బు మీద లేదు. కిటికీలోంచి ఏటి వైపు చూస్తున్నారు.

బల్బును నేను చూస్తున్నాను. అవతలి గట్టు ఎక్కిందాకా చూశాను.